ముల్లు లేవని కారులో అరసవల్లి దాకా

గజపతినగరంలో మా ఇంటి ముందు నుంచి, వీధిలోకి పాలవాళ్ళు వచ్చే వేళకి బయలుదేరాం. పాత కారు వేసుకుని ఎవరైనా ఇదే దారిన వెళ్ళదలిస్తే ముందుగా ఒక మాట. దారిలో ఏ ఊళ్ళో పెట్రోలు బంకు ఉందో కనుక్కుని బయలుదేరండి, ముందు సీట్లో నోరు మెదపని మనిషిని కూర్చోబెట్టుకోండి. బంకుల సంగతి కనుక్కున్నాం. ముందు సీట్లో మాత్రం నేనున్నాను.

అప్పటికింకా రాష్ట్రం ఒక్కటిగానే ఉంది. నేను తపాలా ఉద్యోగం నుంచి రిటైరై, పొద్దున్నే పేపరు మొత్తం చదివి అందరినీ తిట్టుకునే దశలో ఉన్నాను. కారు నాది కాదు, నా భార్య కరుణది. తను మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి, మానేసేటప్పుడు చేతికొచ్చిన డబ్బుతో ఒక డాక్టరుగారి పాత కారు కొనుక్కుంది. నాకు స్టీరింగు పట్టుకోవడం ఇప్పటికీ రాదు. కరుణ నా మేనమామ కూతురే. చిన్నప్పుడు నన్ను వెనక ఎక్కించుకుని సైకిలు తొక్కింది కూడా తనే, కాబట్టి ఇందులో నాకు కొత్తగా పోయిన పరువేం లేదు.

ఆ కారు తను షికార్లకి కొనలేదు. కొండ దిగువ ఊళ్ళలో ఎవరికి నొప్పులొచ్చినా కరుణకి కబురొచ్చేది. అంబులెన్సు వస్తుంది, కానీ ఆ మట్టిదారుల్లో వెతుక్కుంటూ వచ్చేసరికి పొద్దెక్కేది. ఈలోగా కరుణ మనిషిని విజయనగరం పెద్దాసుపత్రిలో దింపేసేది. తను వాడనప్పుడు వీధిలో ఎవరైనా పెళ్ళికో, ప్రార్థన కూటానికో కారు అడిగి తీసుకెళ్ళేవారు. డ్రైవింగు వచ్చిన ప్రతివాడికీ తాళం ఇచ్చేది.

లోపమల్లా పెట్రోలు ముల్లు. కొన్న కొత్తలోనే అది చచ్చిపోయింది. ట్యాంకు నిండా పోయించినా అడుగునే పడుకుని ఉండేది. ఎందరు మెకానిక్కులకు చూపించినా, వైరింగు చూసి, తల గోక్కుని వదిలేశారు. కరుణ కూడా పట్టించుకోలేదు. "లీటరుకి ఎంత దూరం ఎల్తాదో నాకు తెలవదేటి? నా లెక్క నాకుంది" అనేది. ఆ లెక్క ఎన్నేళ్ళయినా తప్పలేదు. దాని గురించి తనకి కొంచెం గర్వం కూడా ఉండేది, పాపం.

కిందటి వానాకాలంలో తప్పింది. వెనక సీట్లో నొప్పులు పడుతున్న మనిషి, పక్కన ఆమె తల్లి, బయట వాన. రైలు గేటు దాటీదాటగానే కారు దగ్గి ఆగిపోయింది. ఒక్క చుక్క లేదు. అదృష్టం బాగుండి వెనకాలే వస్తున్న షేరు ఆటోలో మనుషులు గబగబా దిగి చోటిచ్చారు. బిడ్డ ఆ ఆటోలోనే పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. కానీ ఆటో ఎక్కుతూ ఆ ముసలి తల్లి కరుణ వంక ఒక చూపు చూసిందట. ఆ చూపు ఎలాంటిదో నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఇంటికొచ్చి తాళం మేకుకి తగిలించింది, మళ్ళీ ముట్టుకోలేదు.

నెలలు గడిచాక ఒకరోజు అన్నం దగ్గర తేల్చేసింది. "ముల్లు నిజం సెప్పిందా, నడుపుతాను. నేదా, పాత ఇనప సామాన్లోడికి ఇచ్చీద్దాం బావా. మళ్ళీ ఒకరి ప్రాణం నా లెక్క మీద పెట్టను." కరుణ ఏదైనా ఒకసారి అన్నదంటే అన్నట్టే. కొండ ఊళ్ళవాళ్ళు ఇంకా ఫోన్లు చేస్తూనే ఉన్నారు, తను అంబులెన్సు నంబరు చెప్పి పెట్టేస్తోంది, పెట్టేశాక కాసేపు ఎవరితోనూ మాట్లాడటం లేదు. అది చూడలేక నేనే అరసవల్లిలో ఉన్న నా బామ్మర్ది ప్రకాశానికి ఫోను చేశాను. వాళ్ళ ఇంటి దగ్గర పాత బళ్ళు బాగుచేసే మెకానిక్ ఉన్నాడట. ప్రకాశం ముందురోజే పాసింజరు రైల్లో వచ్చి, కారు నడుపుతానని స్టీరింగు ముందు కూర్చున్నాడు.

విజయనగరంలో కోట పక్క సందులో టిఫిన్ తిన్నాం. పెసరట్టు బాగుంది, చట్నీలో నీళ్ళెక్కువ. నెల్లిమర్ల మీదుగా రణస్థలం వెళ్ళి పెద్ద రోడ్డు పట్టుకున్నాం. దారిపొడుగునా కోతలు, రోడ్డు మీదే ఎండబెట్టిన ధాన్యం. కరుణ వెనక సీట్లోంచి ముందుకి వంగి ముల్లునే చూస్తోంది. అది కదలదని తెలిసీ చూస్తోంది. నేను ఊరుకోలేక "ఎందుకే ఆ శవాన్ని అలా చూస్తావు?" అన్నాను. "నువ్వు రోడ్డు సూడు" అంది.

నాగావళి వంతెన దాటి అరసవల్లి చేరేసరికి దర్శనాల రద్దీ నడుమ ఆటోలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. మెకానిక్ షెడ్డు లాడ్జీల వెనక సందులో ఉంది. అతను వైరింగు జోలికే పోలేదు. వెనక సీటు తీసి, ట్యాంకు పైన ఉన్న మూత విప్పి, లోపలి నుంచి ఒక సన్నటి తీగచేతిని పైకి లాగాడు. దాని చివర కోడిగుడ్డంత ఇత్తడి బుడ్డి ఉంది.

"ఇదే ఫ్లోటు. పెట్రోలు మీద తేలాల. పెట్రోలు ఎక్కితే ఇది ఎక్కతాది, దిగితే దిగతాది. ముల్లు దీన్ని సూసే నడుస్తాది" అన్నాడు. చెవి దగ్గర పెట్టి ఊపాడు. లోపల గళగళమంది. "కన్నం పడి తాగీసినాది. ములిగిపోయి అడుగునే కూకుంది."

నేను నోరు తెరిచి చూస్తుండిపోయాను. ఆ ముల్లు వెనక ఏదో పెద్ద యంత్రం ఉంటుందనుకున్నాను ఇన్నాళ్ళూ. చూస్తే చీకటి ట్యాంకులో ఒక బోలు గుడ్డు తేలుతూ ఉండటం, అది ఎంత లేచిందో మనకి పైన తెలియడం, అంతే! ఎవరికి తట్టిందో గానీ, ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది.

కొత్తది దొరకదన్నాడు. అలాంటి కారు చేయడం మానేసి చాలా కాలమైంది. కన్నం పూడ్చే మాటు వేయించుకోవాలంటే ఇత్తడి పనివాళ్ళ ఊరు బుడితి వెళ్ళమన్నాడు. కరుణ అప్పటికే ప్రకాశం ఇంట్లోంచి స్టీలు టిఫిన్ బాక్సు తెచ్చి ఫ్లోటును గుడ్డలో చుట్టి అందులో పెట్టేసింది. ప్రకాశానికి డ్యూటీ ఉంది. మేమిద్దరం శ్రీకాకుళం బస్సు కాంప్లెక్సులో నరసన్నపేట బస్సెక్కాం.

బస్సు కదిలాక వాసన మొదలైంది. టిఫిన్ బాక్సు మూత బిగుతుగానే ఉంది, అయినా పెట్రోలు పెట్రోలే. కండక్టరు ముక్కు ఎగబీలుస్తూ వచ్చాడు. "ఎవులయ్యా పెట్రోలు తెచ్చింది? బండి ఆపించీమంటారా?" కరుణ నా వంక, నేను కిటికీ వంక చూశాం. ముందు సీట్లో ఎండుచేపల గంప ఒళ్ళో పెట్టుకున్న ఒక ముసలామె ఉంది. వెనక్కి తిరిగి మా టిఫిన్ బాక్సును, కరుణ మొహాన్ని చూసింది. కండక్టరుతో గట్టిగా "నా గంపే బాబూ. ఎండుసేప ఎండకి అలాగే కొడతాది. నీకు ముక్కు నేదేటి, సేపకీ పెట్రోలుకీ తేడా తెల్దేటి?" అంది. బస్సంతా నవ్వింది. కండక్టరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

వంశధార వంతెన మీద ఆమె మళ్ళీ తిరిగి కరుణని అడిగింది. "ఏటమ్మా అది?" కరుణ ఉన్నదంతా చెప్పేసింది, రైలు గేటు దగ్గర ఆగిపోయిన సంగతితో సహా. అంత వివరంగా నాకైనా ఎప్పుడూ చెప్పలేదు. ముసలామె అంతా విని "ఓలమ్మా, బిడ్డ బతికింది కదా, మరేటి?" అని మడపాం దాటాక దిగిపోయింది. చదివేవాళ్ళకి మనవి, మీరు మాత్రం ఇలాంటి వస్తువు బస్సులో పట్టుకెళ్ళకండి. అందరికీ అలాంటి మనిషి దొరకదు.

నరసన్నపేటలో దిగి, గారెలు తిని, షేరు ఆటోలో బుడితి చేరాం. ఊళ్ళోకి రాగానే వీధి వీధంతా సుత్తి చప్పుళ్ళు. ఒక ఇంటి ముందు బిందెలు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. లోపల మగాయన కొలిమి దగ్గర, వాకిట్లో ఆవిడ ఒక చెంబు మీద పూలు చెక్కుతూ ఉన్నారు. ఆవిడ పేరు నరసమ్మ. మేం ఫ్లోటు చేతిలో పెట్టగానే తిప్పి తిప్పి చూసి పకపకా నవ్వింది.

"ఓలప్పా! ఏటండీ ఇది, గుడ్డా? మా సెయ్యి మీద ఎన్నో ఎల్లాయి గానీ ఇలాటిది సూడనేదు." ఊపి చూసి, "లోన నీరున్నాది" అంది.

"నీరు కాదమ్మా, పెట్రోలు" అన్నాను.

"అయ్యబాబో, కొలిమి దగ్గరకి రాకండి!" అని మొగుణ్ణి, మమ్మల్ని, ఫ్లోటును కూడా పెరటి చివరికి తరిమింది. ఒక బకెట్లో వేడినీళ్ళు పోయించి, ఫ్లోటును అందులో ముంచి పట్టుకుంది. అందరం వంగి చూశాం. మొదట ఏమీ లేదు. ఆ తర్వాత అతుకు పక్కన, కంటికి ఆనని చోటు నుంచి, సన్నటి బుడగల వరస పైకి లేవడం మొదలుపెట్టింది. పక్కిళ్ళవాళ్ళు కూడా వచ్చి చూస్తున్నారు. మా ఇద్దరినీ ఏళ్ళ తరబడి ఏడిపించిన కన్నం అది. సూదిమొనైనా పట్టదు.

లోపలి పెట్రోలు పోవాలంటే రెండో కన్నం పెట్టాలట. ఒక కన్నం పూడ్చుకోడానికి వచ్చి ఇంకోటి పెట్టించుకోవడమేమిటని నేను లబలబలాడాను. "ఏటండీ మీరు! గాలి ఎల్లడానికి దారి ఇవ్వకపోతే అది బయటకి ఎలా వస్తాది?" అని నరసమ్మ కసిరింది. ఆయన కన్నం పెట్టాడు, పెట్రోలు వంపాడు, వేడినీళ్ళు ఎక్కించి కడిగాడు, మళ్ళీ కడిగాడు, వాసన చూసి ఇంకోసారి కడిగాడు. ఎండలో ఆరబెట్టి, దగ్గరికి మంట రానివ్వకుండా, కాల్చి తెచ్చిన రాగి ముక్కతో రెండు చోట్లా మాటు వేశాడు. అప్పటికి మధ్యాహ్నం దాటింది.

నరసమ్మ దాన్ని బకెట్లో వదిలింది. అది మునగలేదు. వేలితో అడుగుకి నొక్కి వదిలితే టప్పున పైకొచ్చింది. "మా సెయ్యి పడ్డాక తేలాలి మరి!" అని అందరి వంకా చూసింది. కరుణ అక్కడే కింద కూర్చుని, దాన్ని నొక్కడం, వదలడం, మళ్ళీ నొక్కడం. చాలాసేపు అదే పని. వచ్చేటప్పుడు తను ఆ ఇంట్లో ఒక చెంబు కొనుక్కుంది.

అరసవల్లి తిరిగొచ్చేసరికి సందెవేళ. మెకానిక్ ఫ్లోటును తీగకి బిగించి, ట్యాంకులో దింపి, మూత వేశాడు. "మాటు బరువు కొంచెం కలిసింది కదా, ముల్లు ఒక పిసరు తక్కువే సూపిస్తాది. తక్కువ సూపితే మంచిదే" అన్నాడు. తాళం తిప్పాడు. ముల్లు అడుగునే ఉంది, ఎందుకంటే ట్యాంకులో ఉన్నదే కొంచెం. అప్పుడు డ్యూటీ దిగి వచ్చిన ప్రకాశం డబ్బాలోంచి పెట్రోలు పోయడం మొదలుపెట్టాడు.

నేను ముందు సీట్లో కూర్చుని చూశాను. ముల్లు వణికింది. తర్వాత, ఎవరో చెయ్యి పట్టుకుని లేపినట్టు, మెల్లగా పైకి లేచింది. "లేస్తంది కరుణా! లేస్తంది!" అని అరిచాను. నా వయసుకి తగని అరుపది, సందులో లాడ్జీవాళ్ళు కిటికీలు తెరిచి చూశారు. కరుణ కళ్ళజోడు సవరించుకుని, సగం దగ్గర నిలిచిన ముల్లును చూసింది. "ఒక్కసారి లేస్తే సరా? నిజం సెప్తాదో నేదో దారిలో తేలతాది" అంది. నాకు ఒళ్ళు మండింది, కానీ తన మాట తప్పని అనలేను.

రాత్రి ప్రకాశం ఇంట్లో పడుకున్నాం. పొద్దున డాబా మీద నిలబడితే ఎదురుగా సూర్యుడు, గుడి వైపు జనం. మేం క్రైస్తవులం, ఆ గుళ్ళోకి ఎప్పుడూ వెళ్ళలేదు. కానీ ఆ ఊళ్ళో పొద్దుపొడుపు ఎవరినైనా కాసేపు నిలబెడుతుంది.

తిరుగు ప్రయాణానికి ఏర్పాటు ఇది. ప్రకాశం నెల్లిమర్ల దాకా నడిపి, అక్కడ రైలెక్కి వెనక్కి వెళ్తాడు. అక్కడి నుంచి దానియేలు మమ్మల్ని ఇంటికి చేరుస్తాడు. దానియేలు కరుణ పెద్దమ్మ మనవడు, అంటే తనకి అక్క వరసైనామె కొడుకు. జూట్ మిల్లులో పని. మా ఊళ్ళో ఏ శుభకార్యం ఉన్నా వచ్చి మా కారు తీసుకుని తిరిగేవాడు.

దారంతా కరుణ ముల్లు మీంచి చూపు తిప్పలేదు. ముల్లు పద్ధతిగా, కొంచెం కొంచెంగా దిగింది. నెల్లిమర్లలో దానియేలు ఇంటి ముందు ఆగేసరికి సగానికి బాగా కిందికి వచ్చింది. కరుణ మొహంలో నెలల తర్వాత కొంచెం వెలుగు కనిపించింది. చేపల పులుసుతో భోజనం. దానియేలు పెళ్ళాం ఎన్నిసార్లు వద్దన్నా వడ్డిస్తూనే ఉంది. తినగానే దానియేలు ప్రకాశాన్ని మా కారులో స్టేషనుకి దింపడానికి వెళ్ళాడు. మేం వాకిట్లో సంచులు సర్దుకుని నిలబడ్డాం.

కారు తిరిగొచ్చింది. కరుణ ఎక్కుతూ ముందుకి వంగి, అలాగే ఉండిపోయింది. ముల్లు సగం పైన ఉంది.

"సూసేవా బావా" అంది. గొంతులో కోపం కూడా లేదు. "తగ్గాల్సింది పెరిగింది. మళ్ళీ అబద్ధమే. నీ బుడితీ వద్దు, ఏటీ వద్దు. రేపే అమ్మీద్దాం." కారు దిగి వాకిట్లో అరుగు మీద కూలబడింది.

మాటు ఊడిందా? తీగ ఇరుక్కుందా? అంత కష్టపడి ఇదా? దానియేలు మాత్రం తల దించుకుని బండి తాళాలు తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"పిన్నీ... ముల్లు బాగానే ఉన్నాది" అన్నాడు. "నానే పోయించాను."

"ఎందుకురా? ఎవులు పొయ్యమన్నారు?"

"ఒకరు సెప్పాలేటి? బండి పట్టుకెల్లి ఖాళీగా ఎలా ఇస్తాం? గిన్నెడు కూర తెచ్చుకుంటే గిన్నె ఖాళీగా పంపుతామా?"

"ఎప్పుడూ పోస్తావేటి?"

"ఎప్పుడూనే పిన్నీ. ఎప్పుడు తీసుకెల్లినా ముల్లు అడుగునే ఉండేది. పిన్ని అందరి కోసం తిరిగి తిరిగి, పెట్రోలు పోయించుకోడానికి కూడా నేక ఇబ్బంది పడతందేమో అనుకునేవోణ్ణి. పోసినా ముల్లు లేసేది కాదు. సాలనేదేమో అని ఇంకొంచెం పోయించీవోణ్ణి."

"ముల్లు పాడైపోనాది, పట్టించుకోకురా అని సెప్పేను కదరా నీకు!"

"మొగమాటానికి అలాగంటన్నావనుకున్నాను."

కరుణ సంచిలోంచి ఫోను తీసింది. మా ఎదురింటి సత్యవతికి కలిపింది. సత్యవతికి ఫోను అక్కర్లేని గొంతు, నాకు అంతా వినబడింది.

"ఒసే సత్యవతీ, మీ ఆయన మా కారు పట్టుకెల్లినప్పుడల్లా పెట్రోలు పోసీవోడా?"

"పొయ్యకుండా ఎలా ఇస్తామే? నీ ముల్లు సూస్తే ఎప్పుడూ ఏడుస్తానే ఉండేది. మా ఆయనొక్కడేటి, ఈదిలో అందరూ పోసీవోరే. నీకు సెప్తే బాధపడతావని ఎవులూ అననేదు. ఎందుకడుగుతన్నావు? ఎక్కడున్నావు? అన్నం తిన్నావా?"

కరుణ ఫోను ఒళ్ళో పెట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను. మా వీధిలో ఎవరికీ మిగిలేదేమీ లేదు. ఒకడికి టైలరింగు, ఒకడికి కిళ్ళీ కొట్టు. వాళ్ళంతా, ఒకరికొకరు చెప్పుకోకుండా, మాకూ చెప్పకుండా, లేవని ముల్లును లేపాలని ఇన్నేళ్ళూ పోస్తూ వచ్చారు. నేను పేపరు చదివి తిట్టుకునే లోకం, వీళ్ళుండే లోకం ఒకటేనా అనిపించింది. కళ్ళు తుడుచుకున్నాను, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

కరుణ లేచింది. దానియేలు దగ్గరికెళ్ళి చెయ్యి చాపింది. వాడు అర్థంకాక చూశాడు. "తాళాలియ్యిరా" అంది. సీటు ముందుకి లాక్కుంది, అద్దం సర్దుకుంది. నేను పక్కన ఎక్కి కూర్చున్నాను.

కారును విజయనగరం వైపు తిప్పింది. మొదట్లో గేరు ఒకటి రెండుసార్లు కరకరలాడింది, తర్వాత చెయ్యి కుదిరింది. ఇది చదివి ఎవరైనా ఆ దారిన వెళ్తే బుడితి చూడండి, వంశధార చూడండి. కానీ ఈ ప్రయాణంలో నేను చూసిన అన్నిటికన్నా పెద్ద వింత, నేను కాపురముంటున్న వీధిలోనే ఉంది.

గజపతినగరం దగ్గర పడుతుండగా కరుణ తనలో తను నవ్వుకోవడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు కారుతున్నాయి.

"ఏటే?" అన్నాను.

"ఆ వానాకాలం ఆషాఢం బావా. పెళ్ళిళ్ళు నేవు, శుభకార్యాల్నేవు. ఏటా కూటాలకైనా అడిగీవోరు, ఆ ఏడు వానలకి అవీ నేవు. నెల పైగా మన కారు ఎవులూ అడగనేదు." రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. "ఇన్నేళ్ళలో అది నా లెక్క మీద నడిచింది ఆ ఒక్క నెలే. అందుకే ఆగిపోనాది."